అడ్డపొగ మానాలనుకుంటున్నారా? ముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి!

అరకు ఏజెన్సీ నుంచి శ్రీకాకుళం పల్లెల దాకా పెద్ద వయసు మహిళల్లో కనిపించే అలవాటు అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పొగ పీలుస్తారు. గాలికి, వానకి నిప్పు ఆరిపోదు, చలికి వెచ్చగా ఉంటుంది, చుట్ట ఎక్కువసేపు వస్తుంది అని చెబుతారు. కానీ ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి క్యాన్సర్ ముప్పు పెరిగేది అందుకే.

ఈ సంగతి చాలామందికి తెలుసు. అయినా ఎందుకు మానలేకపోతున్నారు?

ఒక్కొక్కరిదీ ఒక్కో మెట్టు

అమెరికా సైకాలజిస్టులు ప్రొచాస్కా, డిక్లెమెంటె సొంతంగా పొగ మానడానికి ప్రయత్నించిన వారిని పరిశీలించి, 1983లో ఒక అధ్యయనం ప్రచురించారు. మార్పు ఒక్కసారిగా రాదని, మెట్టు మెట్టుగా వస్తుందని అందులో చెప్పారు.

* ఆలోచనే లేదు: "మా అమ్మా తాగింది, ఏమైంది?" అనే దశ. ఇక్కడ తిడితే లాభం లేదు. అద్దంలో అంగిలి చూపించి మాట్లాడితే మేలు.
* ఊగిసలాట: మానాలని ఉంటుంది, వదలబుద్ధి కాదు.
* సిద్ధం: నెలలోపు మానేద్దామని రోజు పెట్టుకుంటారు. సంతలో పొగాకు కొనడం ఆపేస్తారు.
* ఆచరణ: మానేస్తారు. మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం ఎక్కువ. కొన్ని వారాల్లో తగ్గుతాయి.
* నిలబెట్టుకోవడం: మళ్లీ ఒక చుట్ట కాల్చినా ఓడిపోయినట్టు కాదు. మళ్లీ మొదలుపెట్టొచ్చు.

మీరు ఎక్కడున్నారు?

సున్నా నుంచి పది వరకు మార్కులు వేసుకోండి. ఒకటి, మానడం మీకు ఎంత ముఖ్యం? రెండు, మానగలనన్న నమ్మకం ఎంత? మొదటిదానికి 3 వచ్చిందా? అయితే "సున్నా ఎందుకు వేయలేదు?" అని అడుగుకోండి. ఆ జవాబే మీ సొంత కారణం. మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ అయితే భయపెట్టే మాటలు వద్దు, పక్కన ఒక తోడు కావాలి.

శ్రీకాకుళం చెప్పిన పాఠం

శ్రీకాకుళం, ఎర్నాకులం, భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు వాడే 36 వేల మందిపై చేసిన అధ్యయనం 1986లో లాన్సెట్ జర్నల్‌లో వచ్చింది. ఊళ్లకు వెళ్లి మాట్లాడి, సలహా ఇచ్చిన చోట మానేసినవారు పెరిగారు. నోట్లో క్యాన్సర్‌కు ముందు కనిపించే మచ్చలు తగ్గాయి. అంటే ఏళ్ల తరబడి ఉన్న అలవాటు కూడా కదులుతుంది. అయితే ఆ మనిషి ఉన్న మెట్టు దగ్గరికే వెళ్లి మాట్లాడాలి.

గమనిక: నోట్లో తెల్లమచ్చ, గడ్డ, రెండు వారాలైనా మానని పుండు ఉంటే నొప్పి లేకపోయినా డాక్టర్‌కి చూపించాలి. పొగాకు మానడానికి సాయం కోసం జాతీయ టోల్ ఫ్రీ నంబర్: 1800-11-2356.