హెడ్‌ఫోన్‌లో గుయ్యిమని మోతా?

నైట్ డ్యూటీ చేసి వచ్చినవాళ్లు పక్క మంచం మీద నిద్రపోతుంటే, పాట వినాలంటే హెడ్‌ఫోనే దిక్కు. ఎలక్ట్రికల్ పని తెలిసిన సోదరులు కొందరు చిన్న ఆంప్లిఫయర్‌ను సొంతంగా చేసుకుంటారు. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ‘సీమోయ్’ సర్క్యూట్ ఇందుకు పేరు పొందింది. తీరా వింటే పాటకన్నా మోతే ఎక్కువ! పార్టులు కొనేముందు ఆ మోత ఎక్కడిదో తేల్చుకోండి.

మొదట అడాప్టర్ తీసి బ్యాటరీతో నడపండి. పాడే ఫోన్‌ను కూడా చార్జర్ నుంచి తప్పించండి. మోత ఆగితే అది కరెంటు లైను నుంచి వస్తున్నట్టే.

ఆగలేదా? ఫోన్ వైరు పీకి, ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు కలపండి. అప్పుడు పోతే బయటి వైరుది లోపం. షీల్డు వైరు వేయండి. అప్పటికీ ఉంటే లోపం లోపలే. గ్రౌండ్ అతుకులకు మళ్లీ సోల్డరింగ్ చేయండి. రేకు డబ్బా అయితే దాన్నీ గ్రౌండ్‌కు కలపండి.

గుయ్యిమనకుండా ‘స్‌స్’ అని సన్నగా వస్తుంటే గెయిన్ ఎక్కువైందేమో చూడండి. సీమోయ్‌లో గెయిన్ 11. ఐసీ మైనస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు వెళ్లే 1 కిలో ఓమ్ రెసిస్టర్ తీసి, రెండు చానళ్లలోనూ 4.7 కిలో ఓమ్‌ది వేస్తే గెయిన్ సుమారు 3కు దిగుతుంది.

వాల్యూమ్ తిప్పినప్పుడే గరగరమంటే కంట్రోల్‌లో దుమ్ము చేరి ఉండవచ్చు.

ఒక్క హెచ్చరిక. మోత తగ్గుతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను ఎన్నడూ తీయకండి. షాక్ నుంచి మిమ్మల్నీ, రూములో వాళ్లనూ కాపాడేది అదే.