రాణిగారు మాట మింగిన రాత్రి

ఎనిమిదో హెన్రీ పెళ్ళాలనగానే అందరికీ తల తెగిన ఆన్ బొలీనే గుర్తొస్తుంది. నా మనసు మాత్రం ఆరో భార్య కేథరిన్ పార్ మీదికే పోతుంది.

అప్పటికే ఇద్దరు భర్తల్ని పోగొట్టుకున్న ఈవిడ 1543లో ఇంగ్లండు రాణి అయింది. చదువుకున్న మనిషి. మరుసటేడు రాజు ఫ్రాన్సు మీదికి యుద్ధానికెళితే దాదాపు మూడు నెలలు రాజ్యం చక్కబెట్టింది. 1545లో తన పేరుతోనే ప్రార్థనల పుస్తకం అచ్చువేయించింది. కాలిపుండుతో మూలిగే మొగుడితో మతం గురించి వాదించేది కూడా. అదే కొంప ముంచబోయింది!

పెళ్ళాం మీకు పాఠాలు చెప్పడమేమిటని బిషప్ గార్డినర్ రాజుకి ఎక్కించాడు. 1546 అది. ఆ వేసవిలోనే ఆన్ ఆస్క్యూ అనే ఆవిడని, రాణిగారి పరివారంలోని ఆడవాళ్ళ పేర్లు చెప్పమని చిత్రహింసలు పెట్టి, సజీవంగా తగలబెట్టారు. రాణి మీద తయారైన కాగితంపై రాజు సంతకం పడిందనీ, అది ఎవరి చేతిలోంచో జారి ఆవిడకే చేరిందనీ జాన్ ఫాక్స్ రాశాడు. హడలిపోయి మంచం పట్టింది పాపం. తేరుకుని, ఓ రాత్రి రాజు దగ్గరికెళ్ళి, ఆడదాన్ని నాకేం తెలుసు, మీ నొప్పి మరిపించడానికీ, మీ దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకోడానికే వాదించానని చెప్పుకుందిట. రాజు కరిగాడు. మర్నాడు నలభైమంది భటులతో పట్టుకెళ్ళడానికొచ్చిన ఛాన్సలర్ రైత్స్‌లీకి తిట్లే దక్కాయి.

లొంగిపోయిందనేవాళ్ళున్నారు. మావారితో వాదన మధ్యలో మాట మింగినప్పుడల్లా నాకీవిడ గుర్తొస్తుంది కాబట్టి నేననలేను.

1547 జనవరిలో రాజు పోయాడు. ఆ నవంబరులోనే రాణిగారి మరో పుస్తకం బయటికొచ్చింది, మతం మీదే.