బందరులో మైనస్ 40 డిగ్రీలు!

మే నెల మధ్యాహ్నం. గుడివాడ నుంచి మచిలీపట్నం వచ్చిన కారొకటి నల్లటి పొగ కక్కుతూ షెడ్డులో ఆగిందనుకోండి. మెకానిక్ స్టీరింగు కిందనున్న 16 పిన్నుల సాకెట్టుకు స్కానర్ తగిలించాడు. 'పి 0118' అనే కోడ్ వచ్చింది. ఇంజన్ నీటి ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలట! బానెట్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటోంది. యంత్రం అబద్ధమాడుతోందా?

లేదు, తాను విన్నదే చెబుతోంది. ఆ నీటిలో థర్మిస్టర్ అనే చిన్న సెన్సర్ ఉంటుంది. వేడెక్కేకొద్దీ దాని విద్యున్నిరోధం తగ్గుతుంది. కారులోని కంప్యూటర్ ఒక నిరోధకం గుండా దానికి 5 వోల్టులు ఇచ్చి, దాని దగ్గర ఎంత వోల్టేజి ఉందో చూసి వేడిని లెక్కగడుతుంది. మరి తీగ తెగితే? కరెంటు పారదు, వోల్టేజి 5 దగ్గరే నిలుస్తుంది. కంప్యూటర్‌కు అది భయంకరమైన చలిలా కనిపిస్తుంది! చల్లటి ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ కావాలి గనుక కొన్ని కార్లలో అది ఎక్కువే పోస్తుంది. అందుకే ఆ పొగ.

వెనుకటి మెకానిక్కులు స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని జబ్బు పసిగట్టేవారు. అమెరికాలో 1996 నుంచి కార్లన్నిటికీ ఒకే రకం సాకెట్టు, ఒకే రకం కోడ్లు తప్పనిసరయ్యాయి. మన దేశానికి ఆ పద్ధతి 2010 తర్వాత దశలవారీగా వచ్చింది.

కోడ్ చూడగానే కొత్త సెన్సర్ కొంటే డబ్బు దండగ కావచ్చు. దివిసీమ వంటి ఉప్పుగాలి చోట్ల కనెక్టర్ పిన్నులకు పచ్చటి చిలుము పట్టినా ఇదే కోడ్ రావచ్చు. తెలిసిన మెకానిక్ సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, దాని రెండు కొసలనూ చిన్న తీగతో కలుపుతాడు. (మీరు ఇంటి కారు మీద ప్రయత్నించకండి!) స్కానర్‌లో అంకె ఒక్కసారిగా పైకి ఎగబాకితే తీగలు బాగున్నట్టే, సెన్సర్ మార్చాలి. మైనస్ 40 కదలకపోతే తీగ వెంట వెతకాలి.