మా యింటి నలుగురు

ఆ మధ్య యింటింటి వివరములు వ్రాసికొనుటకు మా గ్రామమునకు వచ్చిన యువకుడు "ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?" అని యడుగగా, నా యిల్లాలు వంటయింటి నుండి "నలుగురం బాబూ" అని బదులు చెప్పెను. ఆతడు మా యిరువురి పేర్లు వ్రాసికొని, తక్కిన యిద్దరి పేర్లకై నా ముఖము వంక చూచుచు కూర్చుండెను. అరుగుమీద పండుకొనిన కుక్కను, కిటికీలో కూర్చున్న పిల్లిని నేను చేతితో చూపవలసి వచ్చెను. ఆతడు నవ్వెను గాని వ్రాసికొనలేదు.

ఈ పత్రికలో వరి వంగడములను గూర్చియు, ఎరువుల నిలువలను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు చదువుటకు అలవాటుపడిన సభ్యులకు, ఒక ముసలి దంపతుల యింటి కుక్కపిల్లుల ప్రసంగ మేల యని తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. కాని 2024 సంవత్సరమున మా సంఘపు సభలో జరిగిన యొక వాదమునకు మూలము మా పిల్లియే. ఆ వ్యవహారములో తప్పు చేసినవాడను నేను. అందుచేత వ్రాయుచున్నాను.

మాది గోదావరి డెల్టాలో కాలువ క్రింది గ్రామము. ఐదెకరముల వరిచేను, దొడ్డిలో ముప్పది కొబ్బరిచెట్లు కలవు. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. కుమార్తె అమెరికాలో కాపురమున్నది. సంక్రాంతికి ఇల్లు నిండును. ముక్కనుమ దాటగానే మరల బోసిపోవును. పాడిగేదెను కూడ నా మోకాళ్ల నొప్పులవలన అమ్మివేసితిమి. ఆ యేడు మా యింట గడియారపు చప్పుడు వినబడెడిది.

2021 కార్తీకమాసమున గడ్డివామిలో ఒక పిల్లికూన కనబడినది. తల్లి ఏమైనదో తెలియదు. అది సరాసరి కొట్టుగదిలోనికి వచ్చి నూకల బుట్ట ప్రక్కన పండుకొన్నందున దానికి నూకాలు అను పేరు వచ్చినది. (ఆ పేరుగల మా పొరుగింటి పెద్దమ్మ వారము దినములు మాతో మాటలాడలేదు. ఇప్పుడు చేపతలలు తెచ్చి పెట్టునదియు ఆమెయే.)

కుక్క వరదలో వచ్చినది. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. లంకల జనులను పడవలమీద ఏటిగట్టునకు చేర్చుచుండిరి. భోజనపు పొట్లములు పంచుటకు మేము కొందరము వెళ్లితిమి. ఒక పడవ ఖాళీ అయిన తరువాత అడుగున చాపక్రింద నెలన్నర కుక్కపిల్ల యొకటి వణకుచు కనబడెను. పడవవాడు తనది కాదనెను. దిగినవారును తమది కాదనిరి. దానిని కండువాలో చుట్టి తెచ్చి, "వాన వెలిసేదాకానే" నని నా యిల్లాలితో చెప్పితిని. ఆమె దానికి గంగ యని పేరు పెట్టుటయు, పాత గోనెపట్టా పరచుటయు చూడగానే, వాన వెలిసినను అది కదలదని నాకు తెలిసిపోయెను.

మా దినచర్య యిప్పుడు వాటి ననుసరించియే జరుగుచున్నది. తెల్లవారుజామున నాలుగున్నరకు గంగ వచ్చి నా మంచపు కోడును గోకును. దానితో కాలువగట్టు వెంబడి చేనిదాక నడచి వచ్చుసరికి నా మోకాళ్లు సడలును. వైద్యుడు మూడేండ్లు చెప్పినను నేను నడవలేదు. ఇది చెప్పకయే నడిపించినది. నూకాలు మాత్రము ఎవరి మాటయు వినదు. పగలెల్ల నిద్రించి, దీపములు పెట్టువేళ కొట్టుగదిలో కాపలాకు దిగును. నా బాల్యములో కుక్క వాకిట నుండెడిది, పిల్లి యటుకమీద నుండెడిది. మంచము మనుష్యులదిగా నుండెడిది. ఈ విషయమై మా దంపతులకు రెండు మాసములు వాదము జరిగినది. ఫలితము చెప్ప నక్కరలేదు. నేనిప్పుడు మంచమునకు ఒక ప్రక్కగా ఒదిగి పండుకొనుచున్నాను.

తిండి విషయములో పెద్దల వాడుక లన్నియు సరియైనవి కావని పశువైద్యుని వలన నేర్చుకొంటిమి. మజ్జిగన్నము మాత్రమే పెట్టిన కుక్కకు బలము చాలదు. గ్రుడ్డో, ముల్లు తీసిన చేపయో కలుపవలెను. ఉల్లిపాయ వేసిన కూర పెట్టరాదు. అది కుక్కల రక్తకణములను చెరచును. ఉడికిన కోడి యెముకలు చీలి ప్రేగులకు గ్రుచ్చుకొనును. పెరిగిన పిల్లులలో చాలవాటికి పాలు అరుగవు. పచ్చి మేకపేగులు, కాలేయపు ముక్కలు కుక్కలకు వేయువా రీ సంగతి వినవలెను. వానిలోని నీటితిత్తులవలన కుక్క కడుపులో ఒక బద్దెపురుగు పుట్టి, దాని గ్రుడ్లు పెంటద్వారా మనుష్యులకు సోకి, మన కాలేయములో తిత్తులు కట్టును. గంగకు మూడు నెలలకొకసారి పురుగుల మందు వేయుచున్నాము. దాని పిచ్చికుక్క వ్యాధి టీకాయు, 2023లో చేయించిన సంతాననిరోధ శస్త్రచికిత్సయు నా జమాఖర్చుల పుస్తకములో వ్రాసియున్నవి. నూకాలునకు మాత్రము "ఒక్క ఈతైనా ఈననియ్యండి" అని నా యిల్లా లనుటచే శస్త్రచికిత్స వాయిదా వేసితిమి.

ఇక అసలు సంగతి.

2024 జనవరిలో దాళ్వా నాట్లు ముగిసిన వెంటనే ఎలుకలు విజృంభించెను. డెల్టా రైతునకు పందికొక్కు ఏమి చేయునో చెప్ప నక్కరలేదు. అది తినునది కొంచెము, కొరికి పడవేయునది మెండు. ఒక్కడు మందు పెట్టిన లాభము లేదు; వాని చేనిలో చచ్చిన యెలుకల స్థానమున పక్కచేని యెలుకలు చేరును. అందుచే సంఘపు ఆధ్వర్యమున ఆయకట్టంతయు ఒకేసారి బ్రోమాడయోలోన్ ఎర పెట్టవలెనని పాలకవర్గము తీర్మానించెను. తీర్మానమును ప్రతిపాదించినవాడను నేనే. 480 గ్రాముల నూకలకు 10 గ్రాముల నూనె, 10 గ్రాముల మందు చొప్పున కలిపించి, పొట్లములు కట్టించి పంచితిని.

చేయవలసిన పద్ధతి యిది: మొదటినాడు కన్నములన్నిటిని మట్టితో మూయవలెను. మరునాటికి తెరచియున్నవే ఎలుకలున్న కన్నములు. వానిలో, చేయి పట్టునంత లోపలికి, పదునైదు గ్రాముల పొట్లము నుంచి మరల మూయవలెను. మేము చేసినదేమి? పని తొందరలో కొందరు కూలీలు పొట్లములను గట్లమీదనే విసరిపోయిరి. నేను చూచితిని. చూచియు, పోనిమ్మని ఊరకుంటిని. చచ్చిన యెలుకలను ఏరి పూడ్చవలెనన్న మాట ఎవరికిని తట్టలేదు.

ఈ మందు తిన్న యెలుక వెంటనే చావదు. రక్తము గడ్డకట్టుటకు వలసిన కె విటమినును శరీరము వినియోగించుకొనకుండ ఈ మందు అడ్డగించును. నాలుగైదు దినములలో లోలోపల రక్తము కారి ఎలుక చచ్చును. ఆ లోపల అది మత్తుగా, పట్టపగలే, తడబడుచు తిరుగును. పిల్లికి అంతకంటె సుళువైన వేట యేమున్నది?

ఎనిమిదవనాటి సాయంకాలము నూకాలు కొట్టుగదికి రాలేదు. వెదుకగా గాదె క్రింద ముడుచుకొని యుండెను. చిగుళ్లు కాగితమువలె తెల్లబడి యుండెను. ముక్కు కొనను ఒక రక్తపు బొట్టు. నా యిల్లాలు దానిని ఒడిలోనికి తీసికొని, నా వంక చూచి, "ఏవండీ, ఆ నూకలు కలిపింది మన చావట్లోనే కదూ?" అనెను. అంతకుమించి ఒక్క మాటయు అనలేదు. ముప్పదియెనిమిదేండ్ల కాపురములో ఆమె నన్ను పలుమారులు గట్టిగా మందలించియున్నది. ఏదియు ఇంతగా తగులలేదు.

రాత్రి తొమ్మిది గంటలకు మోటారుసైకిలు మీద, ఆమె వెనుక బుట్ట పట్టుకొని కూర్చుండగా, ఆరుమైళ్ల దూరమున నున్న పశువైద్యుని యింటికి పోయితిమి. మందు పొట్లపు కవరు నా జేబులో నున్నందున మేలైనది. ఆయన దానిని చూడగానే కె1 విటమిను సూదిమందు ఇచ్చి, తరువాత నాలుగు వారములు మాత్రలు వేయవలెననియు, బాగుపడినట్లు కనబడగానే మానరాదనియు, ఈ విషము కాలేయములో చిరకాలము నిలిచి యుండుననియు చెప్పెను. జింకు ఫాస్ఫైడు తిన్నదైనచో దానికి విరుగుడే లేదట. కనుక, సభ్యులారా, ఏ మందు పెట్టినను దాని కవరు పారవేయకుడు.

పిల్లి బ్రదికినది. దాని కడుపులోని పిల్లలు దక్కలేదు. ఆ వారములోనే మా వీధిలో మరి మూడు పిల్లులును, చేనిగట్టున ఒక తెల్ల గుడ్లగూబయు చచ్చినవి. ఆ గుడ్లగూబను అపశకునపు పిట్టయని మనవారు తరుముదురు గాని, అది రాత్రి పొడుగునను చేసెడి పని యెలుకలు పట్టుటయే. మలేషియాలో పామాయిలు తోటలవారు వాని కొరకు పెట్టెలు కట్టి నిలుపుచున్నారు.

మరుసటి సభలో నేను లేచి, నా పొరపాటు నొప్పుకొని, సంగతి యంతయు చెప్పితిని. ఒక పెద్దరైతు, "పిల్లి కోసం పంట ఒదులుకోమంటావేంటి బావా?" అనెను. సభ నవ్వెను. నేను ఎర మానవలెనని కోరలేదు, నాకును చేనున్నది. ఎర పెట్టు తేదీని ముందుగా చాటింపు వేయుటయు, పొట్లములు కన్నము లోపలనే ఉంచుటయు, రెండు వారములపాటు ప్రతి ఉదయమును చచ్చిన యెలుకలను ఏరి లోతుగా పూడ్చుటయు కోరితిని. నా పిల్లిని నేను గదిలో బంధించినను, పొరుగువాని చేనిలో చచ్చినది నా వాకిట పడునుగదా! ఏరివేతకు కూలి యెవరిచ్చెదరన్న ప్రశ్నమీద గంటసేపు రభస జరిగినది. తుదకు ఎకరమునకు ఇంతయని సంఘమే వసూలు చేయుటకు ఒప్పుకొనిరి. ఒప్పుకొననివారు నలుగురు, వారు నేటికిని ఒప్పుకొనలేదు.

ఆ సంవత్సరమే నవంబరులో ఒక పిచ్చికుక్క ఊరబడి, మా వీధి చివర పదేండ్ల బాలుని పిక్క కరచి, అడ్డుపడిన గంగను కూడ కరచెను. బాలుని నాయనమ్మ సున్నము తెచ్చుచుండగా నా యిల్లాలు ఆపి, పిల్లవానిని కుళాయి క్రింద కూర్చుండబెట్టి, గడియారము చూచుచు పదునైదు నిమిషములు సబ్బుతో గాయమును కడిగెను. సున్నము, కారము, పసుపు, పసరు ఏదియు పెట్టరాదు. పూర్వము బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు పొడిచెడి పద్ధతి మన దేశమున 2004తో పోయినది; ఇప్పుడు చేతికే వేయుదురు. కాని జబ్బు లక్షణములు కనబడిన తరువాత ఏ సూదియు పనిచేయదు. బాలునకు గాయములోనే వేయు మందును కూడ ఆ దినమే వేసిరి. ఆతడు చక్కగా బడికి పోవుచున్నాడు.

గంగకు టీకా వాయిదా తప్పలేదు గనుక, వెంటనే మరియొక సూది వేసి, 45 దినములు విడిగా నుంచి చూడుమనిరి. ఆ 45 దినములును నా యిల్లాలు సాయంకాలము జల్లెడ తలుపునకు ఇవతల పీట వేసికొని కూర్చుండి, అమెరికాలోని మనుమరాలి కబుర్లన్నియు దానికి చెప్పెడిది. నలువదియారవనాడు తలుపు తీయగా గంగ ఆమెను పడద్రోసినంత పనిచేసెను.

ఆ నడుమనే కొందరు, ఎలుకలకు కలిపిన నూకలే ఊరికుక్కలన్నిటికిని పెట్టరాదా యనిరి. అది 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరము. అటుండగా, ఉన్నవానిని చంపిన, టీకా లేని కొత్తకుక్కలు ఆ చోటికి చేరును. ఊరికుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా పడినచో ఈ వ్యాధి వ్యాపింపదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఏటేట జూలై 6న పశువైద్యశాలలలో ఉచితముగా టీకాలు వేయు వాడుక కలదు. మేము జూలైదాక ఆగలేదు. డాక్టరుగారు వచ్చిరి, పట్టుట యెట్లన్నది చిక్కు. మగవారు త్రాళ్లు పట్టుకొని పరుగెత్తగా రెండే దొరికెను. తరువాత నా యిల్లాలును, మా పెద్దమ్మ నూకాలును, రోజూ గుప్పెడు అన్నము వేయు మరి నలుగురు స్త్రీలును పెరుగన్నపు గిన్నెలతో అరుగులమీద కూర్చుండిరి. నలువది వరకు కుక్కలుండగా రెండు దినములలో ముప్పదింటికి పైగా టీకా పడెను.

2025 జనవరిలో మరల దాళ్వా ఎర పెట్టితిమి. చాటింపు వేసిరి. వాట్సాపులో కూడ తెలిపిరి. నూకాలును రెండు వారములు మా పడకగదిలోనే మూసియుంచితిమి. మొదటి రాత్రి అది తలుపు గోకుచు తెల్లవార్లు అరచుచునే యుండెను. బయట గంగ దానికి బదులు పలికెను. మూడు గంటలకు నా యిల్లాలు లేచి దీపము వేసి, "పోనీ ఒక్కసారి వదుల్దామాండీ?" అనెను. వలదంటిని. నాలుగున్నర కాగానే సంచియు, పారయు తీసికొని, గంగను ఇంటనే కట్టివేసి, చచ్చిన యెలుకలను ఏరుటకు చేనిగట్టునకు బయలుదేరితిని. సభలో నవ్వించిన పెద్దరైతు అప్పటికే తన గట్టుమీద లాంతరు దించి త్రవ్వుచుండెను.