పుర్రచేతి లేసు

నాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు పలక మీద ఎడమచేత్తో అక్షరాలు దిద్దబోతే, మా అమ్మ బలపం తీసి కుడిచేతిలో పెట్టేది. అన్నం సంగతి చెప్పనే అక్కర్లేదు. అలా రాయడం, తినడం కుడిచేతికి మారాయి. ముగ్గు వేయడం, కూరలు తరగడం మాత్రం ఎడమచేతికే మిగిలిపోయాయి.

1998లో మావారి ఉద్యోగరీత్యా రియాద్ వెళ్ళాం. సౌదీలో ఆడవాళ్ళకి కారు నడిపే అనుమతి 2018లో గాని రాలేదు. ఆయన ఆఫీసుకి, అమ్మాయి స్కూలుకి వెళితే మధ్యాహ్నాలు ఎంతకీ గడిచేవి కావు. మా పై అంతస్తులో నరసాపురం పిన్నిగారు ఒకరుండేవారు. ఆవిడ చేతిలో ఎప్పుడూ లేసే. నాకూ నేర్పమని అడిగాను.

నరసాపురం లేసంటే కొక్కెం సూదితో నూలు దారాన్ని అల్లే పని. 19వ శతాబ్దంలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్ళకి నేర్పారు. పూలల్లేది ఒకరు, వాటిని కలిపేది మరొకరు, అంచు కట్టేది ఇంకొకరు.  2024లో ఈ లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

పిన్నిగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, “సూది కుడిచేత్తో పట్టుకో అమ్మాయ్” అన్నారు. మూడు రోజులు తంటాలు పడ్డాను. గొలుసు ఒకచోట బిగిసేది, ఇంకోచోట జారేది. సూది ఎడమచేతిలోకి మార్చుకుంటే చెయ్యి బాగానే ఆడింది గాని, ఆవిడ చేసేదంతా తిరగబడి కనిపించేది. మళ్ళీ పలక రోజులు గుర్తొచ్చి, ఇక మానేద్దామనుకున్నాను.

నాలుగోరోజు టీ ఇస్తూ ఆవిడ నాకెదురుగా కూర్చుని అల్లడం మొదలెట్టారు. అప్పుడు తెలిసింది కిటుకు! ఎదురుగా ఉన్నవారి కుడిచెయ్యి మన ఎడమచేతికి సరిగ్గా ఎదురు పడుతుంది. అద్దంలో చూసుకున్నట్టే. అలా చూస్తూ చేస్తే ఏ కుట్టూ తికమక పెట్టదు.

పుర్రచేతివాళ్ళకి మరో రెండు సంగతులు చెప్పాలి. కుడిచేతివారి వరస కుడి నుంచి ఎడమకి, అంటే అరబ్బీ రాతలాగా సాగుతుంది. మన వరస తెలుగు రాతలాగా ఎడమ నుంచి కుడికి. అందుకని గళ్ళ నమూనాలో అక్షరాలుంటే మొదటి వరసని ఎడమ నుంచే చదువుకోవాలి. పుస్తకంలో చెప్పినట్టు కుడి నుంచి చదివితే పేరు తిరగబడుతుంది. ఇక గుండ్రటి పువ్వులు కుడిచేతివారికి గడియారం ముల్లుకి ఎదురుగా, మనకి ముల్లు వెంబడి పెరుగుతాయి. మామూలు పువ్వులో ఈ తేడా కనిపించదు. రేకులు చక్రంలా తిరిగే పువ్వులోనే బయటపడుతుంది.

నాకది బాగా అనుభవమే. పిన్నిగారు తలపెట్టిన టేబుల్ గుడ్డకి పదహారు చక్రాల పువ్వుల్లో నాలుగు నేనల్లాను. పరిచి చూస్తే పన్నెండు ఒకవైపు తిరుగుతున్నాయి, నా నాలుగూ రెండోవైపు! తిరగేసి పెడదామంటే కుట్టు వెనకవైపు పైకి తేలుతుంది. విప్పేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. నా నాలుగింటినీ నాలుగు మూలల్లో పెట్టి అతికారు. చూసినవాళ్ళంతా డిజైనే అది అనుకున్నారు.

సౌదీలో బెదూయిన్ స్త్రీలు నేల మీద మగ్గం పరిచి నేసే ‘సదు’ నేతకి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడి ప్రభుత్వం 2025ని హస్తకళల సంవత్సరంగా ప్రకటించింది. ఆ వార్త చదివి నా పాత సూదులు బయటికి తీశాను. మా ఐదేళ్ళ మనవరాలు వచ్చి ఒకటి లాక్కుంది, ఎడమచేత్తో. వాళ్ళమ్మ “కుడిచేత్తో పట్టుకోవే” అనబోతే నేనే వారించాను.

దానికి నేర్పడానికి నేను ఎదురుగా కూర్చోనక్కర్లేదు. పక్కనే కూర్చుంటున్నాను.