పసిగట్టే యంత్రం, మోగని సైరన్

గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. విశాఖ ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లివి. పేర్లు చల్లనివే గానీ, వాటి నుంచి వెలువడే వాయువులో సుమారు ఐదో వంతు కార్బన్ మోనాక్సైడ్. రంగూ వాసనా లేని విషం. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా మాయదారిది. మోతాదు పెరిగితే ముక్కునే మొద్దుబారుస్తుంది. కంపు పోయిందిలే అని మనిషి అక్కడే నిలబడతాడు.

ముక్కును నమ్మలేని ఇలాంటి చోట్ల ఫిక్స్‌డ్ డిటెక్టర్లు బిగిస్తారు. విషవాయువు కోసమైతే లోపల చిన్న రసాయన సెల్ ఉంటుంది. గ్యాస్ తగిలితే అందులో స్వల్పంగా కరెంటు పుడుతుంది. మండే గ్యాస్ కోసమైతే వేడి చేసిన పూస. గ్యాస్ దానిమీద మండితే పూస ఇంకా వేడెక్కి, కంట్రోల్ రూములో అంకె మారుతుంది. తెరమీద 20 కనిపిస్తే గాలిలో 20 శాతం గ్యాస్ ఉన్నట్టు కాదు. మంట అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదులో ఐదో వంతు చేరిందని లెక్క. మొదటి అలారం తరచూ అక్కడే పెడతారు. బయటపడటానికి వ్యవధి ఉండాలిగా!

అసలు చిక్కంతా ఎక్కడ బిగించాలన్నదే. మీథేన్, అమ్మోనియా పైకి లేస్తాయి. ఎల్పీజీ నేలబారున పాకుతుంది. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో లీకైన ఎల్పీజీ అంటుకుని 60 మంది దాకా చనిపోయారు. అలాంటి గ్యాస్‌ను పట్టాల్సిన డిటెక్టర్‌ను పైకప్పు కింద పెడితే అలంకారానికే.

సరైన చోట పెట్టినా పని అయిపోదు. సిలికోన్ ఆవిరి సోకితే పూస చచ్చుబడుతుంది. చచ్చిన పూసా సున్నాయే చూపిస్తుంది, మంచి గాలిలో బతికున్న పూసా సున్నాయే చూపిస్తుంది. సిలిండర్‌లోని పరీక్ష గ్యాస్ పట్టి చూస్తేనే తేడా బయటపడుతుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. 12 మంది చనిపోయారు. దీనిపై రాష్ట్ర ప్రభుత్వం వేసిన, నీరభ్ కుమార్ ప్రసాద్ నాయకత్వంలోని కమిటీ తేల్చిన విషయాల్లో రెండు ఇక్కడ చెప్పుకోవాలి. ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగునే కొలిచారు, పైపొరల్లో పెరిగిన వేడి ఎవరికీ కనపడలేదు. సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా, ఒక్కచోటా వాడలేదు. గ్యాస్ ఒక స్థాయి దాటగానే మనిషి చేయి పడకుండానే సైరన్ మోగేలా, వాల్వు మూసుకునేలా డిటెక్టర్‌కు నేరుగా కనెక్షన్ ఇచ్చే పద్ధతి పరిశ్రమల్లో ఎప్పటినుంచో ఉన్నదే.