తీర్పు తీర్చవద్దన్నది ఎవరితో?

దళితవాడ మీద దౌర్జన్యం జరిగినప్పుడు రాజీ మాట తెచ్చేది ఊరి పెద్దలొక్కరే కాదు. ఒక్కోసారి సంఘంలోంచి కూడా ఆ మాట వస్తుంది. ‘తీర్పు దేవుడిది, మనకెందుకు కేసులు’ అంటారు. గుమ్మఘట్ట లాంటి చోట ఈ మాట బరువు ఇంకా ఎక్కువ. వేదవతి మీద కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టు ఈ మండలంలోనే ఉన్నా, మెట్ట సేద్యానికి వానే దిక్కు. వాన తప్పితే వేరుశనగ పోతుంది, కూలీ పోతుంది. కూలి ఇచ్చేవాడి మీద కేసు పెట్టడమంటే పొయ్యి ఆర్పుకోవడమే. అప్పుడు వాక్యం కూడా రాజీ వైపే నిలబడితే దళిత క్రైస్తవుడికి మిగిలేదేమిటి? అందుకే ఆ వాక్యాన్ని పూర్తిగా చదవాలంటున్నాం.

బైబిలులో తీర్పు గురించి ఒక్క మాటే లేదు. మత్తయి 7వ అధ్యాయం ఇతరులకు తీర్పు తీర్చవద్దంటుంది. యోహాను 7:24 పైపై చూపుతో కాదు, న్యాయంగా తీర్పు తీర్చమంటుంది. ఈ రెంటికీ పొత్తు కుదరదని కొందరంటారు. కానీ మత్తయిలో నలుసు, దూలం పోలిక చివరిదాకా చదివితే సంగతి తెలుస్తుంది. దూలమున్నవాడు ముందు తన కన్ను బాగుచేసుకోవాలి, ఆ తర్వాత ఎదుటివాడి నలుసు తియ్యాలి. నలుసును అలాగే వదిలెయ్యమని అక్కడ లేదు. ఆ హెచ్చరిక దూలమున్నవాడికి. దాన్ని దెబ్బ తిన్నవాడి నోటికి తాళంగా వెయ్యడం అర్థాన్ని తలకిందులు చెయ్యడమే.

యాకోబు పత్రికలోనూ ఇదే పేచీ ఉంది. 4వ అధ్యాయం పొరుగువాడికి తీర్పు తీర్చడానికి నువ్వెవరని అడుగుతుంది. 2వ అధ్యాయం బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మాసిన బట్టల వాడికి కాళ్ల దగ్గర చోటు ఇచ్చే సంఘాన్నే చెడ్డ న్యాయాధిపతి అంటుంది. అంటే మనుషుల్ని ఎక్కువ తక్కువలుగా కూర్చోబెట్టడం కూడా తీర్పే. కులం రోజూ తీర్చే తీర్పు ఇదే. దాన్ని తప్పనడం మొదటి తీర్పును కొట్టివెయ్యడం.

ఇక కోర్టు సంగతి. 1 కొరింథీయులు 6లో పౌలు విశ్వాసుల తగాదాలు బయటి న్యాయస్థానానికి తీసుకుపోవద్దంటాడు. అది సంఘంలో అన్నదమ్ముల తగాదా. భూస్వామి దాడికి అది వర్తించదు. తన ప్రాణం మీదికి వచ్చినప్పుడు అదే పౌలు కైసరుకు అప్పీలు చేసుకున్నాడని అపొస్తలుల కార్యములు 25 చెప్తుంది.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. దళితులు రాజీపడలేదు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కావాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. కోర్టుకు పోతే న్యాయం దొరికి తీరుతుందని మేం అనడం లేదు. పోకపోతే జరిగింది నేరమని రాతలో కూడా ఉండదు.

దళిత క్రైస్తవుడికి ఇంకో గోడ ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు ఎస్సీ కాడు. మతం మారిన వ్యక్తి 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని వాడుకోలేడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఊరు మాత్రం బాప్తిస్మం చూసి కులం మర్చిపోదు. చట్టమేమో నువ్వు ఎస్సీవి కావంటుంది, సంఘమేమో తీర్పు తీర్చకంటుంది. రెండు వైపులా నోరు మూసేది ఒక్కడికే. అయినా కొట్టడం, తిట్టడం, బెదిరించడం ఎవరి మీద చేసినా మామూలు చట్టంలోనూ నేరాలే. ఫిర్యాదు చేసే హక్కు పోలేదు.

కాబట్టి వాక్యం చదివేవాళ్లు ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ దూలం ఎవరి కంట్లో ఉంది? ఆ సంగతి తేల్చకుండా క్షమించమని బోధిస్తే, ఆ బోధ దౌర్జన్యం చేసినవాడికి జామీను.